మైక్రాన్ల లెక్కతో ఒక నల్ల సెడాన్ డీటెయిలింగ్: ప్రాజెక్టు డైరీ

పని పరిధి

డీటెయిలింగ్ అంటే కారును లోపలా బయటా లోతుగా శుభ్రం చేసి మెరుగుపెట్టడం. కారు నల్లరంగు పెద్ద లగ్జరీ సెడాన్. రంగు మెటాలిక్ కాదు, సాదా నలుపు. బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియంవి, మిగిలిన బాడీ ఉక్కు, బంపర్లు ప్లాస్టిక్. ఏళ్ల తరబడి చెట్టు కింద కవరు లేకుండా నిలిచిపోవడంతో పైకప్పు మీద చెట్టు జిగురు, బానెట్ మీద పక్షిరెట్టలు తిన్న గుంటలు, అద్దాల మీద తెల్లటి నీటి మరకలు, లోపల ముక్కు బద్దలయ్యే బూజు వాసన పేరుకున్నాయి. యజమాని అడిగింది ప్రదర్శనలో నిలబెట్టే మెరుపు కాదు, రోజూ నడుపుకోగలిగే శుభ్రమైన కారు. పని పద్ధతిని ఈ కోరికే నిర్ణయించింది. పాలిష్ పట్టిన ప్రతిసారీ క్లియర్ కోట్ (రంగు మీది పారదర్శక రక్షణ పొర) కొంత తరుగుతుంది, తరిగిన పొర మళ్లీ రాదు. అందుకే ఏ ప్యానెల్ మీద ఎంత తీశాను, ఎక్కడ ఆపాను, ఎందుకు ఆపాను అన్నవే ఇక్కడ ఎక్కువగా కనిపిస్తాయి.

వాడిన ప్రధాన పరికరాలు: ఉక్కు, అల్యూమినియం రెండింటినీ కొలిచే పెయింట్ మందం గేజ్, 15 మి.మీ. త్రో (ప్యాడ్ పక్కకు ఊగే మేర) ఉన్న డీఏ పాలిషర్ (ప్యాడ్‌ను తిప్పుతూనే ఊపే యంత్రం), మూలలకు 3 అంగుళాల చిన్న పాలిషర్, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, తేమ మీటరు, హెపా ఫిల్టరు (అతి సన్న దుమ్మును పట్టే ఫిల్టరు) ఉన్న వాక్యూమ్, నీటిని పీల్చే ఎక్స్‌ట్రాక్టర్, సామాను తూచే వేలాడే తూకం, రెండు రకాల వెలుతురునిచ్చే ఎల్ఈడీ దీపం.

దశ 1: లోపలి తడి

బయట ఎంత మురికిగా ఉన్నా ముందు లోపలికి వెళ్లాలి. పెయింటు మీది మురికి ఇంకో నెల ఆగినా పెద్దగా నష్టం లేదు. కార్పెట్ కింది తడి అలా కాదు, అది రోజూ ఏదో ఒక కనెక్టర్‌ను తింటూనే ఉంటుంది. ఈ తరగతి కార్లలో చాలా వాటికి కంట్రోల్ మాడ్యూళ్లు (ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టెలు) సీట్ల కింద, కార్పెట్ కింద ఉంటాయి. తడిని వదిలేసి బయట మెరుగులు దిద్దితే పైన పటారం, లోన లొటారం అవుతుంది.

ఎడమ ముందు కాళ్ల దగ్గర కార్పెట్ పైపైన పొడిగానే ఉంది. అరచేత్తో గట్టిగా నొక్కితే మాత్రం నీళ్లు ఉబికి వచ్చాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చడానికి సన్‌రూఫ్ ట్రే ముందు మూలల్లో ఒక్కోదానిలో 100 మి.లీ. నీళ్లు పోసి చూశాను. కుడివైపు నీళ్లు కొన్ని సెకన్లలోనే చక్రం వెనుక నుంచి నేల మీద పడ్డాయి. ఎడమవైపు నీళ్లు ట్రేలోనే నిలిచి, కాసేపటికి పిల్లర్ ట్రిమ్ (ముందు అద్దం పక్క స్తంభం మీది తొడుగు) వెనుక నుంచి చెమ్మగా దిగాయి. డ్రెయిన్ గొట్టం కుళ్లిన ఆకుల పొడితో మూసుకుపోయింది.

గొట్టం శుభ్రం చేసిన వరుస ఇది.

1. గొట్టం కింది చివరను వెతికి, అక్కడి రబ్బరు మూతిని తీశాను. సగం అడ్డు అక్కడే ఉంది.
2. గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాన్ తీగ చివరను మంటతో గుండ్రం చేసి, పై నుంచి మెల్లగా తోశాను.
3. కింది చివర దగ్గర వాక్యూమ్ పెట్టి పీల్చాను.
4. మళ్లీ 100 మి.లీ. పోసి, రెండు వైపులా నీళ్లు ఒకే వేగంతో దిగుతున్నాయని చూసుకున్నాను.

కంప్రెసర్ గాలిని గొట్టంలోకి కొట్టడం తేలిక మార్గంగా కనిపిస్తుంది కానీ, ఆ ఒత్తిడికి గొట్టం పిల్లర్ లోపల తన మూతి నుంచి ఊడిపోతే హెడ్‌లైనర్ (పైకప్పు లోపలి బట్ట) మొత్తం దించాల్సి వస్తుంది. వైపర్ల కింది ట్రేలో కూడా పిడికెళ్ల కొద్దీ ఆకులు చేరి నీటి దారిని మూశాయి. వాటిని చేత్తోనే తీశాను.

తరువాత ఆరబెట్టడం. ముందు కార్పెట్‌ను ఉన్నచోటే ఉంచి, ఫ్యాన్లు, డీహ్యూమిడిఫైయర్ పెట్టి చూశాను. పైబట్ట పొడిబారింది, తేమ మీటరు కూడా మంచి అంకెనే చూపింది. అయినా ఒక రాత్రి అద్దాలన్నీ మూసి ఉంచి తెల్లవారి తలుపు తెరిస్తే అదే వాసన. మీటరు పిన్నులు పైబట్టను దాటి కింది మందపాటి ఫోమ్ వరకు దిగడం లేదని అప్పుడు అర్థమైంది. దాంతో పద్ధతి మార్చి సీట్లు విప్పి ఫోమ్‌ను బయటికి తీశాను. సీటు కింది పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, కాబట్టి బ్యాటరీ తీసేసి, సర్వీస్ మాన్యువల్ చెప్పినంత సేపు ఆగిన తరువాతే వాటిని ముట్టుకోవాలి. అవి ఊడి ఉన్నప్పుడు ఇగ్నిషన్ వేయకూడదు.

ఫోమ్ ఆరిందా లేదా అన్నది తూకంతో తేల్చాను. బయటికి తీసినప్పుడు ఎడమ ముందు ముక్క బరువు 4.7 కిలోలు. ఎక్స్‌ట్రాక్టర్‌తో పీల్చాక 2.3 కిలోలు. నీడలో, గాలి తగిలేలా నిలబెట్టాక 1.2 కిలోలకు దిగి, మరునాడు తూచినా అక్కడే ఆగింది. వరుసగా రెండు తూకాల్లో బరువు మారకపోతేనే ఆరినట్టు లెక్క. చేతికి తగిలే పొడిదనాన్ని నమ్మరాదు.

బూజును పొడిగా బ్రష్‌తో రుద్దలేదు, ఎందుకంటే అలా చేస్తే బీజాలు గాలిలోకి లేస్తాయి. మాస్కు పెట్టుకుని ముందు హెపా వాక్యూమ్‌తో లాగి, ఆపై తడిగుడ్డతో తుడిచాను. బ్లీచ్ వాడలేదు, అది బట్ట రంగును తీస్తుంది, లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. ఓజోన్ యంత్రం కూడా తేలేదు. ఓజోన్ వాసననే కాదు, రబ్బరును కూడా తింటుంది. వాసన మూలం నీరు అయినప్పుడు ఆ నీటిని తీయకుండా వాసనను చంపే మందులు కొట్టడం దండగ. ఏసీ క్యాబిన్ ఫిల్టరు మాత్రం లోపలి పని అంతా అయ్యాక చివర మార్చాను, ముందే మారిస్తే కొత్తది కూడా దుమ్ము పట్టేది.

ఇప్పటివరకు లెక్క: తీసిన నీరు 3.5 లీటర్లు. తీసిన క్లియర్ కోట్ 0 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు).

దశ 2: మందం కొలతలు

ఫ్యాక్టరీ పెయింటు మందం మొత్తంగా చాలా కార్లకు 100 నుంచి 140 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అందులో అడుగున తుప్పును ఆపే పూత, ప్రైమర్, రంగు పొర పోగా పైనున్న క్లియర్ కోట్ సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. మామూలు గేజ్ చూపేది మొత్తం మందమే కానీ, అందులో క్లియర్ ఎంతో విడదీసి చెప్పదు. అతినీల లోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు క్లియర్ కోట్‌లోనే ఉంటాయి కాబట్టి, రంగు బయటపడకపోయినా ఆ పొర బాగా పలచబడితే కొన్నేళ్లలో పెయింటు పెచ్చులూడడం మొదలవుతుంది.

గేజ్‌ను ముందు దానితో వచ్చిన ఉక్కు, అల్యూమినియం పలకల మీద సున్నాకు తెచ్చి, తెలిసిన మందం ఉన్న రేకుతో సరిచూశాను. నా గేజ్‌లో రెండు మైక్రాన్ల తేడా పరికరం ఊగిసలాట కిందికే వస్తుంది. అందుకని ప్రతి చుక్క దగ్గర ఐదు కొలతలు తీసి సగటు రాసుకున్నాను. పాలిష్ తరువాత అదే చోట కొలిచేందుకు చుక్కల పక్కన టేపు ముక్క మీద అంకె వేశాను.

బానెట్: 112–124 మైక్రాన్లు (కిందివీ మైక్రాన్లే)
పైకప్పు: 104–112, వెనుక అంచు దగ్గర 71
ఎడమ ముందు డోరు: 118–126
డిక్కీ: 110–118
కుడి వెనుక డోరు: 230–310
కుడి వెనుక చక్రం పైభాగం: 640 వరకు
డోర్ల అంచు గీతలు: 88–92

కుడి వెనుక డోరుకు మళ్లీ రంగు వేశారని, దాని పక్కన చక్రం పైన పుట్టీ ఉందని ఈ అంకెలే చెబుతున్నాయి. 300 మైక్రాన్లు ఉన్నాయి కదా, అక్కడ ఎంతైనా కోయవచ్చు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ మందంలో పాత పెయింటు, కొత్త ప్రైమర్, కొత్త రంగు అన్నీ కలిసి ఉంటాయి. పైనున్న క్లియర్ మాత్రం ఫ్యాక్టరీ పొర కంటే పలుచగా కూడా ఉండవచ్చు.

పైకప్పు వెనుక అంచున 71 చూపిన చోట అరచేతి వెడల్పున తెల్లటి పొలుసు మచ్చ ఉంది. గోరు తగిలితే అంచు లేస్తోంది. క్లియర్ కోట్ అక్కడ రంగు పొర నుంచి విడిపోయింది. దానికి పాలిష్ మందు కాదు, మళ్లీ పెయింటు వేయడమే దారి. ఆ భాగం చుట్టూ టేపు వేసి చివరి వరకు ముట్టుకోలేదు.

నియమం: ఏ ప్యానెల్ మీదా 5 మైక్రాన్లకు మించి తీయకూడదు. 95 కంటే తక్కువ ఉన్న చోట ఫినిషింగ్ పాలిష్ (చివరి మెరుపునిచ్చే మెత్తని రకం) తప్ప కాంపౌండ్ (పొరను ఎక్కువగా కోసే గరుకు రకం) పెట్టకూడదు.

దశ 3: కడగడం, అంటుకున్నది తీయడం

1. నీటితో మురికిని నానబెట్టి, ఫోమ్ (సబ్బు నురగ) వేసి, ఆరిపోకముందే కడిగాను.
2. రెండు బకెట్ల పద్ధతిలో (ఒకటి సబ్బుకు, ఒకటి తొడుగు జాడించడానికి), పై నుంచి కిందికి, చేతి తొడుగుతో తోమాను. చక్రాలకు వేరే బకెట్, వేరే బ్రష్‌లు.
3. తారు చుక్కల మీద సాల్వెంట్ వేసి కరిగించి తుడిచాను.
4. ఇనుప రేణువులు తీసే ద్రవం కొట్టాను. అందులోని థయోగ్లైకొలేట్ ఇనుముతో కలిసి ఊదారంగుకు తిరుగుతుంది. డిక్కీ మీద, వెనుక బంపర్ మీద ఊదా ధారలు నేల వరకు జారాయి.
5. క్లే బార్‌ను (అంటుకున్న రేణువులను లాగే మెత్తని ముద్దను) సమృద్ధిగా జారుడు ద్రవంతో, చేతి బరువు తప్ప ఒత్తిడి లేకుండా నడిపాను. కింద పడిన ముక్కను మళ్లీ వాడలేదు.

చెట్టు జిగురు క్లేకు లొంగలేదు. ఎండి గాజులా గట్టిపడిన చుక్కల మీద క్లేను నడిపితే దాని చుట్టూ కొత్త గీతలు పడుతున్నాయి. క్లే ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూది ముక్కను చుక్క మీద ఒక నిమిషం ఉంచితే జిగురు మెత్తబడి, గుడ్డకు అంటుకుని వచ్చింది. అద్దాల మీది తెల్లటి మరకలు కాల్షియం నిక్షేపాలు. అవి పలుచటి వెనిగర్‌కు చాలావరకు కరిగాయి, మిగిలిన నీడల్లాంటి మచ్చలకు గాజు పాలిష్ పట్టింది.

అసలు వైఫల్యం కిటికీల చుట్టూ ఉన్న అల్యూమినియం పట్టీల దగ్గర. చూడడానికి క్రోమ్‌లా ఉంటాయి కానీ ఇవి అనోడైజ్ చేసిన (మీద రక్షణగా ఆక్సైడ్ పొర పెంచిన) అల్యూమినియంవి, వీటి మీద పాలు ఒలికి ఎండినట్టు తెల్లటి చారలు ఉన్నాయి. అల్యూమినియం ఆక్సైడ్ పొర దాదాపు 4 నుంచి 9 వరకు ఉన్న పీహెచ్‌లోనే నిలుస్తుంది. అంతకు మించిన ఘాటైన క్షార షాంపూలు దాన్ని కరిగిస్తాయి. గతంలో ఎవరో అలాంటివి వాడి ఉండాలి. వెనుక డోరు పట్టీ చివర, తలుపు మూస్తే కనిపించని 5 సెం.మీ. మేర మెటల్ పాలిష్‌తో రుద్దాను. తెలుపు పోయింది, కానీ కింద బయటపడిన లోహం పక్క పట్టీ కంటే వేరే రంగులో, అద్దంలా మెరిసింది. అనోడైజ్ పొర కూడా దానితోపాటే పోయిందన్నమాట. రక్షణ పొర లేని అల్యూమినియం త్వరలోనే మళ్లీ మసకబారుతుంది. అక్కడితో ఆపాను. పట్టీలు మార్చడమో, ఫిల్మ్ అతికించడమో యజమాని తేల్చుకోవాలి. ఆ పరీక్ష తరువాత నా ఫోమ్ సబ్బును కూడా క్షార రకం నుంచి తటస్థ రకానికి మార్చాను. మురికి వదలడానికి రెండుసార్లు నానబెట్టాల్సి వస్తుంది, అంతే.

ఇప్పటివరకు లెక్క: క్లే 150 గ్రాములు. మందంలో గేజ్‌కు అందే తేడా లేదు.

దశ 4: పాలిషింగ్

బానెట్ మీద అర మీటరు చదరాన్ని టేపుతో నాలుగు గళ్లుగా విడదీసి, అన్నిటికంటే మెత్తని జోడీతో మొదలుపెట్టాను.

మెత్తని ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్: మెరుపు పెరిగింది, సుడి గీతలు (వలయాల్లా కనిపించే సన్న గీతలు) కదల్లేదు.
మధ్యరకం ఫోమ్, ఒకే దశ పాలిష్: సన్న గీతలు పోయాయి, సగానికి పైగా మిగిలాయి.
మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్, కాంపౌండ్: లోతైనవి తప్ప గీతలు పోయాయి, పైన బూడిదరంగు మసక మిగిలింది.
పైదాని మీద మెత్తని ఫోమ్, ఫినిషింగ్ పాలిష్: మసక పోయింది. సగటు తరుగు సుమారు 2 మైక్రాన్లు.

నాలుగో గడి పద్ధతినే ఎంచుకున్నాను, కానీ అసలు ప్యానెల్ మీదికి రాగానే అది మొరాయించింది. కాంపౌండ్ పని చేయకముందే ఎండి, బానెట్‌కు పొక్కుల్లా అతుక్కుంది. థర్మామీటరు పెడితే ప్యానెల్ 41 డిగ్రీలు చూపింది. కారును పూర్తి నీడలోకి మార్చి, 28 డిగ్రీలకు దిగేవరకు ఆగాను. ఒక్కోసారి పనిచేసే భాగాన్ని 45 సెం.మీ. చదరానికి కుదించి, కాంపౌండ్‌ను బఠాణీ గింజంత చుక్కలు నాలుగింటికి పరిమితం చేసి, ప్రతి భాగం తరువాత ప్యాడ్‌ను గాలితో దులిపాను. పొక్కులు ఆగిపోయాయి.

రెండో చిక్కు తనిఖీ దగ్గర వచ్చింది. పాలిష్‌లోని నూనెలు గీతలను కప్పేస్తాయి కాబట్టి పని అయ్యాక వాటిని తుడిచి చూడాలి. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్‌తో తుడిచిన ప్రతిసారీ ఈ మెత్తటి నలుపు మీద జుట్టు కంటే సన్నని సరళరేఖలు కనిపించాయి. దీపాన్ని పక్క నుంచి వేసి చూస్తే ఆ గీతలన్నీ గుడ్డ నడిచిన దిశలోనే ఉన్నాయి. పాలిషర్ గీతలైతే వంపు తిరిగి ఉండాలి. తప్పు పాలిష్‌ది కాదు, తుడవడానిదే. జారుడు గుణం ఉన్న ప్యానెల్ వైప్ ద్రవానికి (నూనెలు తుడిచేది), పొడవాటి కుచ్చు ఉన్న అంచులేని గుడ్డకు మారి, ప్రతి మడతను ఒక్కసారే వాడాను. రేఖలు పోయాయి. ఇది గమనించకపోతే లేని గీతల కోసం ఇంకో మైక్రాన్ ఖర్చయ్యేది.

పక్షిరెట్ట గుంటలు బానెట్ మీద మూడు పెద్దవి. ఎండకు వేడెక్కి మెత్తబడిన క్లియర్, ఎండిన రెట్ట చుట్టూ బిగుసుకుని గుంట పడుతుంది. అన్నిటికంటే పెద్దదాన్ని 3000 గ్రిట్ గరుకు కాగితంతో (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), వెనుక ఫోమ్ పెట్టి, నీటితో తేలికగా రుద్దాను. 3 మైక్రాన్లు పోయాయి, గుంట అంచులు మెత్తబడ్డాయి, నడిమి లోతు మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది. కాంపౌండ్‌తో కలిపి అక్కడి ఖర్చు 5కి చేరింది. ఆపేశాను. మిగతా రెంటికీ కాగితం పెట్టనే లేదు. నిలబడి చూస్తే కనిపించని గుంట కోసం ఎండను ఆపే పొరను ఇచ్చేయడం నష్టపు బేరం.

డోర్ల అంచు గీతల మీద, బానెట్ మడతల మీద టేపు వేసి, చివరలో వాటిని చేత్తో మాత్రమే పాలిష్ చేశాను. కుడి వెనుక డోరులో రంగు వేసినప్పుడు చిక్కిన బుడగల రంధ్రాలు సూదిమొనల్లా ఉన్నాయి. తెల్లటి కాంపౌండ్ వాటిలో దూరి బయటికి రానంటుంది కాబట్టి, ఆ డోరుకు ఫినిషింగ్ పాలిష్ ఒక్కటే వాడాను.

సగటు మందం, ముందు → తరువాత:

బానెట్: 118 → 115
పైకప్పు, మచ్చ మినహా: 108 → 107
ఎడమ ముందు డోరు: 122 → 119
డిక్కీ: 114 → 112
కుడి వెనుక డోరు: గేజ్‌కు అందే తేడా లేదు

దశ 5: హెడ్‌లైట్లు

పాలికార్బొనేట్ (హెడ్‌లైట్ పైతొడుగు ప్లాస్టిక్) మీది రక్షణ పూత ఎండకు పోయాక పసుపు తిరుగుతుంది. 1000, 1500, 2000, 3000 గ్రిట్ వరుసలో తడిగా రుద్ది, ఒక్కో గ్రిట్‌కు దిశ మార్చి, ముందటి గ్రిట్ గీతలు పూర్తిగా పోయాకే తరువాతి కాగితం తీసుకున్నాను. పాలిష్ చేసి వదిలేస్తే కొన్ని నెలల్లో పసుపు తిరిగి వస్తుంది, కాబట్టి యూవీ పూత తప్పనిసరి. ఎడమ దీపం లోపలివైపున ఉన్న చెమ్మ మరక అలాగే ఉంది. దానికి దీపం విప్పాలి.

దశ 6: లెదర్, అల్కాంటారా

ఇప్పటి కార్లలో ఎక్కువ భాగం లెదర్ మీద రంగు పొర, దాని మీద పాలియురిథేన్ పూత ఉంటాయి. ఒక నీటి చుక్క వేసి చూస్తే ఇంకకుండా నిలిచింది, అంటే ఇదీ ఆ రకమే. మనం తాకేది తోలును కాదు, ఆ పూతను. అందువల్ల తోలుకు నూనె తాగించే డబ్బాలతో ఇక్కడ పెద్ద పని లేదు, ఆ నూనె పైనే నిలిచి దుమ్మును పట్టుకుంటుంది.

డ్రైవర్ సీటు మీది నల్లటి మెరుపు అంతా చెమట, జిడ్డు. మెలమైన్ స్పాంజితో ఒక మూల రుద్దితే క్షణాల్లో తెల్లబడింది, కానీ తుడిచిన తెల్లగుడ్డకు లెదర్ బూడిదరంగు అంటుకుంది. స్పాంజి మురికితోపాటు పూతను కూడా గీకుతోంది. దాన్ని పక్కన పెట్టి, తేలికపాటి లెదర్ క్లీనర్ నురగతో, గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో, అరచేతి వెడల్పు భాగాలుగా పనిచేశాను. గుడ్డకు గోధుమరంగు వచ్చినంతసేపు అది మురికి, సీటు రంగు వస్తే వెంటనే ఆపాలి. శుభ్రమైన లెదర్ మందమైన కాంతితో ఉంటుంది, మెరవదు. సీటు పక్క దిండు మీది పగుళ్లు శుభ్రం చేశాక ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. వాటికి ఫిల్లర్, రంగు వేసే పని వేరు, అది ఇందులో కలపలేదు.

డోర్ల లోపలి భాగం అల్కాంటారా. అది తోలు కాదు, దాదాపు 68 శాతం పాలియెస్టర్, 32 శాతం పాలియురిథేన్ కలిసిన కృత్రిమ వస్త్రం. తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఆరాక మెత్తని బ్రష్‌తో నూగును లేపాను. హెడ్‌లైనర్‌ను మాత్రం చెమ్మ గుడ్డతో అద్దడమే, నీరు దిగితే వెనుక జిగురు వదిలి బట్ట జారుతుంది.

దశ 7: పూత

పాలిష్ నూనెలను మళ్లీ తుడిచి, 23 డిగ్రీల వద్ద, 52 శాతం తేమలో, సిరామిక్ పూత ఒక్క పొర వేశాను. డబ్బా మీద 9హెచ్ అని ఉంటుంది. అది పెన్సిల్ గీత పరీక్ష అంకె, ఖనిజాల గట్టిదనానికి దానికి సంబంధం లేదు, రాయి తగిలితే గీత పడుతుంది. నీరు, మురికి సులువుగా వదలడం, రసాయనాలకు కొంత తట్టుకోవడం దాని అసలు ప్రయోజనం.

1. అర మీటరు చదరంలో అడ్డంగా, నిలువుగా పూసి, ఇంద్రధనుస్సు రంగులు తేలేవరకు ఆగాను.
2. ఒక గుడ్డతో ఎత్తి, రెండో గుడ్డతో సమం చేశాను.
3. తెల్లని, పసుపు వెలుగులు రెంటిలోనూ పక్క నుంచి చూశాను. నలుపు మీద మిగిలిపోయిన మందపు మరక ఒక వెలుగులో దాక్కుని రెండోదానిలో బయటపడుతుంది.
4. 24 గంటలు నీరు తగలనివ్వలేదు.

ఎడమ వెనుక ఫెండర్ మీద అలాంటి మరక ఒకటి దొరికింది. గట్టిపడ్డాక దాన్ని తీయాలంటే పాలిషరే దిక్కు, అంటే మళ్లీ క్లియర్ ఖర్చు. అప్పటికి కొన్ని నిమిషాలే అయినందున కొద్దిగా తాజా పూత రాసి మెత్తబరిచి, వెంటనే తుడిచేస్తే పోయింది.

చేయకుండా వదిలినవి

పైకప్పు వెనుక అంచు మచ్చ, కిటికీల అల్యూమినియం పట్టీలు, బానెట్ మీద మూడు గుంటలు, ఎడమ హెడ్‌లైట్ లోపలి మరక, డ్రైవర్ సీటు పగుళ్లు. వీటి కారణాలను, దశ 4 చివరి కొలతలను ఒక కాగితం మీద రాసి సర్వీస్ పుస్తకంలో పెట్టి ఇచ్చాను. బానెట్‌కు, ఎడమ ముందు డోరుకు ఇకపై ఫినిషింగ్ పాలిష్ తప్ప కాంపౌండ్ వద్దని, బానెట్ మీది పెద్ద గుంట దగ్గర అది కూడా వద్దని అందులో రాశాను. వర్షాకాలానికి ముందు ఒకసారి సన్‌రూఫ్ ట్రేలో 100 మి.లీ. నీళ్లు పోసి రెండు వైపులా దిగుతున్నాయో లేదో చూడాలని యజమానికి విడిగా చెప్పాను.